బిడ్డ చదువు - తల్లి యెన్నిక

జూన్ మాసము వచ్చి బడులు తెరచునప్పటికి మన యిండ్లలో ఒక విచారము మొదలగును. పెద్దవాని నే బడిలో చేర్పింతుము? చిన్నదాని నెచ్చటికి పంపుదుము? గొలుగొండ, నాతవరము, మాకవరపాలెము, రోలుగుంట ప్రాంతముల గ్రామములనుండి ప్రైవేటు బడుల బస్సులు నర్సీపట్నమునకు పిల్లలను దెచ్చుచుండును. ఆ గ్రామములలోనే ప్రభుత్వ పాఠశాలకు నడచిపోవు పిల్లలును గలరు. ఒక్క యింటనే కుమారుడు బస్సెక్కుటయు, కుమార్తె నడచిపోవుటయు మన మెరుగనిది కాదు. ఒక్క బిడ్డకు మాత్రమే రుసుము చెల్లింపగల శక్తి యున్నప్పుడు అది యెవరి పాలగునో సోదరీమణులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. కావుననే బడి నెన్నుకొను హక్కును గూర్చిన చర్చ ముందుగా స్త్రీలు చేయదగిన చర్చ యని మా యభిప్రాయము.

ఈ చర్చ క్రొత్తది కాదు. పిల్లలకు చదువు చెప్పింపవలెనని ప్రభుత్వము నిర్బంధింపవచ్చును గాని, ఎచ్చట చెప్పింపవలె నన్నది తల్లిదండ్రులకు విడిచి, పేదలకు రుసుము విషయమున తోడ్పడిన చాలునని ఆంగ్లేయ తత్త్వవేత్త జాన్ స్టూవర్టు మిల్లు 1859లోనే వ్రాసెను. 1955లో అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఆ భావమునకు వోచరు రూపము నిచ్చెను. వోచరనగా ఒక చీటి. ప్రభుత్వము చదువునకగు ధనమును బడి పేర గాక బిడ్డ పేర నిచ్చును. తల్లిదండ్రులు వరించిన బడికి ఆ సొమ్ము చేరును. చిలీ దేశము 1981లోను, స్వీడన్ 1992లోను ఇట్టి పద్ధతి నవలంబించినవి. చిలీలో బడులు పిల్లలను ఏరుకొనుటకును, చీటిపై అదనపు రుసుము గైకొనుటకును వీలు కలుగుటచే, తల్లిదండ్రులు బడి నెన్నుకొనుటకు మారుగా బడులే పిల్లల నెన్నుకొనుచున్నవన్న మొర పుట్టినది. 2015లో ఆ రెంటిని తొలగించుటకు అచ్చట శాసనము చేసిరి.

ఇట్టి పరీక్ష మన గ్రామములలోను జరిగినది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున విశాఖపట్టణము, తూర్పుగోదావరి, కడప, మెదకు, నిజామాబాదు జిల్లాలకు చెందిన 180 గ్రామములలో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వారు వోచరుల ఫలము నెరుగ బూనిరి. నేడు అనకాపల్లి జిల్లాలో నున్న మన నర్సీపట్నము 2022 వరకు విశాఖ జిల్లాలోనిదే. గ్రామములలో సగమునందు మాత్రమే వోచరు లిచ్చి, అచ్చటను కోరినవారి పేరులతో చీట్లు వేసి పిల్లలను నిర్ణయించిరి. రుసుము, పుస్తకములు, దుస్తులు, బూట్లు అన్నియు వోచరులో చేరియుండెను. బడికి పోవు బండి ఖర్చును, మధ్యాహ్నపు భోజనమును మాత్రము చేరలేదు. నాలుగేండ్ల పిదప కూడ పిల్లలను పరీక్షించి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పండితులు 2015లో ఫలితములను ప్రకటించిరి.

ఆ ఫలితములు ఇరుపక్షములవారును శ్రద్ధతో వినదగినవి. వోచరుతో ప్రైవేటు బడికి పోయిన పిల్లలు తెలుగునందు గాని, గణితమునందు గాని ప్రభుత్వపు బడి పిల్లలను మించలేదు. అయినను ప్రైవేటు బడులు ఆ రెండు పాఠములకు తక్కువ కాలము వినియోగించి అంతటి ఫలమునే సాధించినవి. మిగిలిన కాలమున నేర్పిన హిందీలో ఆ పిల్లలు ఎంతయో ముందుకు పోయిరి. ప్రైవేటు బడిలో ఒక్కొక్క బిడ్డకగు వ్యయము ప్రభుత్వపు బడి వ్యయములో మూడవవంతునకును తక్కువ. అచ్చటి ఉపాధ్యాయుల జీతములు మిక్కిలి స్వల్పమగుటయే దీనికి ముఖ్యకారణమని మరువరాదు. కొందరు పిల్లలు వెడలిపోయినందున, వెనుక మిగిలినవారి చదువునకు హాని కలుగలేదు. తెలుగు మాధ్యమమునుండి ఇంగ్లీషు మాధ్యమమునకు మారిన పిల్లలకు తక్కిన పాఠములలో నష్టము కలుగవచ్చునన్న సూచనయు వారికి కనబడినది.

కావున రుసుము గైకొను బడి యెల్ల మేలైన బడి యన్న నమ్మకము నిలువదు. అట్లయిన తల్లికి ఎన్నిక యేల యని అడుగవచ్చును. బిడ్డకు పాఠము తెలియుచున్నదో లేదో, బడి యనిన భయపడుచున్నదో ఉత్సహించుచున్నదో దినదినము చూచునది తల్లి. బడి మార్చగల తల్లి మాటను బడివారు విందురు. మార్చలేని తల్లి గుమ్మమునొద్ద నిలిచి తిరిగి వచ్చును. కలిమి గలవారికి ఆ శక్తి యెప్పుడును గలదు. దానిని పేదరాలికి గూడ కలిగించుటయే ఈ పద్ధతిలోని న్యాయమని మేము తలంతుము.

మన రాష్ట్రమున వోచరన్న పేరు లేకున్నను దానికి చేరువైన ఏర్పాటు కలదు. 2020 జనవరిలో ఆరంభమైన 'అమ్మఒడి' పథకమున, బిడ్డను ప్రభుత్వపు బడికి పంపినను ప్రైవేటు బడికి పంపినను, పేదతల్లికి ఏటికి 15,000 రూపాయలు నిర్ణయించిరి. కాని బిడ్డలెందరున్నను తల్లి కొక్క మొత్తమే. దాని స్థానమున 2025 జూన్‌లో వచ్చిన 'తల్లికి వందనం' చదువుకొను ప్రతి బిడ్డను లెక్కించినది. ఒక్కొక్క బిడ్డకు నిర్ణయించిన 15,000లో 2,000 బడుల నిర్వహణకు మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేసిరి. ఈ భేదము స్వల్పము కాదు. ఒక్క మొత్తమే వచ్చునప్పుడు కుమారుని రుసుమునకే చాలలేదనుట సులభము. కుమార్తె పేరను వేరుగ సొమ్ము వచ్చునప్పుడు ఆ మాట చెల్లదు. అయితే వోచరు సొమ్ము బడికే చేరును. ఈ సొమ్ము చేతికి వచ్చును గనుక దారి తప్పుటకు వీలు గలదు. బిడ్డకొక పుట చొప్పున లెక్క వ్రాసి, కుమార్తె పేర వచ్చినది కుమార్తె చదువునకే వెచ్చించుట తల్లి పని.

ధనము మాత్రమే ఎన్నికను కల్పింపజాలదు. నర్సీపట్నము దాటి కొండ నెక్కి చింతపల్లి, గూడెము కొత్తవీథి వైపు పోయిన, చిన్న పల్లెలకు అందుబాటులో రెండవ బడి యుండుట యరుదు. అట్టిచోట చీటి చేతనున్నను చూపుటకు చోటు లేదు. ఉన్న బడిలో ఉపాధ్యాయుడు నిత్యము నుండునట్లు చేయుటయే ముందు కావలసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడుల మొదటి తరగతిలో 25 శాతము స్థానములను బలహీనవర్గముల పిల్లలకు నిర్ణయించినది. ఆ సంగతి యెరుగని తల్లికి ఆ స్థానము లేనట్టిదే.

పిల్లలు తరలిపోయిన ప్రభుత్వపు బడి గతి యేమని ఉపాధ్యాయుల యిండ్లలో భయమున్నది. ఉపాధ్యాయుని యింటనే కాపురము చేయుచున్న మేము ఆ భయమును తేలికగా త్రోసివేయము. కాని బిడ్డను కదలనీయక బడిని నిలుపుట కంటె, బిడ్డ వదలిపోనొల్లనంత మేలుగా బడిని నడపుట ఉత్తమము. అట్టి బడులు పెక్కు గలవు. తల్లులు వెదకి మరియు వానినే వరింతురు.

చదువురాని తల్లి బడిని పరీక్షింపజాలదను మాటను మేమంగీకరింపము. బిడ్డచేత క్రిందటి తరగతి పుస్తకమున ఒక పుట చదివింపుడు; తాను చదివినదానిని స్వంతమాటలలో చెప్పమనుడు. సంతలో చిల్లర లెక్క నడుగుడు. మధ్యాహ్నము పిమ్మట ఒకనాడు బడికి పోయి ఎన్ని తరగతులలో ఉపాధ్యాయులున్నారో చూడుడు. ప్రైవేటు బడియైన, రుసుముతో బాటు బస్సు ఖర్చును, బిడ్డ కోల్పోవు డొక్కా సీతమ్మగారి పేరనున్న మధ్యాహ్న భోజనమును లెక్కగట్టుడు. ఇవన్నియు కుమారునికొక విధముగాను, కుమార్తెకొక విధముగాను చూడకుడు. ఇరువురకును చాలిన బడి యేదో తేల్చిన తరువాతనే ప్రవేశపత్రముపై వ్రాలు చేయుడు.