ఎక్కడ ఆగిందో గుర్తుంచుకునే యంత్రం

తెలుగు వికీపీడియాలో ఎవరో ఒక వ్యాసం తెరిచి అక్షరదోషం ఒకటి దిద్ది భద్రపరుస్తారు. మరుక్షణమే ఆ మార్పు గురించిన చిన్న కబురు ఎవరైనా అందుకోగలిగేలా వెబ్‌లోకి వస్తుంది. వికీమీడియా ఫౌండేషన్ 2017 నుంచి నడుపుతున్న ఈవెంట్‌స్ట్రీమ్స్ అనే సేవ, అన్ని భాషల వికీల్లో జరిగే మార్పులను ఎప్పటికప్పుడు ఇలా ప్రవహింపజేస్తుంది. ఏ వికీ, ఏ పేజీ, మార్చింది మనిషా బాటా, పేజీ ముందు ఎన్ని బైట్లు, ఇప్పుడెన్ని అన్నవన్నీ కబురులోనే ఉంటాయి. ఈ ప్రవాహాన్ని అపాచీ కాఫ్కా వంటి స్ట్రీమింగ్ వేదికలోకి మళ్ళించాలంటే మధ్యలో కనెక్టర్ అనే చిన్న యంత్రం కావాలి. చాలామంది దాన్ని ఇక్కడి నీటిని అక్కడికి చేర్చే గొట్టంగా చూస్తారు. నా లెక్కలో దాని అసలు పని గుర్తుంచుకోవడం. కనెక్టర్‌ను అమర్చేటప్పుడు తీసుకునే నిర్ణయాల్లో బరువైనవన్నీ ఆ జ్ఞాపకానికి సంబంధించినవే.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే కాఫ్కా పుట్టుక దగ్గరికి వెళ్ళాలి. 2010 ప్రాంతంలో లింక్డిన్ సంస్థలో జే క్రెప్స్, నేహా నర్ఖేడే, జున్ రావ్ దీన్ని తయారుచేశారు. అప్పటికి అక్కడ ప్రతి వ్యవస్థ నుంచి ప్రతి మరో వ్యవస్థకూ విడివిడిగా దారులు వేయాల్సి వచ్చేది. వ్యవస్థలు పెరిగేకొద్దీ దారులు అంతకు ఎన్నో రెట్లు పెరిగాయి. వాళ్ళు ఎంచుకున్న పరిష్కారం మన పద్దుల భాషలో చెబితే సులువుగా అర్థమవుతుంది. అది ఒక ఉమ్మడి చిట్టా. జరిగినది జరిగిన వరుసలో చిట్టాకెక్కుతుంది. ఎవరి ఖాతా నిల్వ ఎంతో చెప్పే ఆవర్జాను దాని నుంచి ఎప్పుడైనా తయారుచేసుకోవచ్చు. చిట్టాలో రాసిన పద్దును చెరపరు, తప్పు దొర్లితే దిద్దుబాటు పద్దు ఇంకొకటి రాస్తారు. కాఫ్కాలోనూ అంతే. ప్రతి పద్దుకూ ఆఫ్‌సెట్ అనే వరుస సంఖ్య ఉంటుంది. మామూలుగా అమర్చితే వారం రోజులు పద్దు అక్కడే నిలిచి ఉంటుంది, ఎందరు చదివినా తరగదు. ఎంతవరకు చదివామన్న గుర్తు ఒక్కో పాఠకుడికీ వేరుగా ఉంటుంది. అందజేసిన కబురును వెంటనే తుడిచేసే పాత పద్ధతి క్యూలకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. 2011లో దీని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచారు. రాయడానికి అనువుగా మలచిన వ్యవస్థ కనుక క్రెప్స్ దీనికి తన అభిమాన రచయిత ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టాడు.

చిట్టా కుదిరింది కానీ, బయటి సమాచారాన్ని అందులోకి ఎక్కించే గుమాస్తా మాత్రం చాలాకాలం కుదరలేదు. ప్రతి బృందమూ తనకు తోచిన ప్రోగ్రాం రాసుకునేది. 2015 నవంబరులో 0.9 వెర్షన్‌తో కాఫ్కా కనెక్ట్ వచ్చింది. ఇక అందరూ ప్రోగ్రాం రాయనక్కరలేదు. సిద్ధంగా ఉన్న కనెక్టర్‌కు ఒక సెట్టింగుల పత్రం ఇస్తే చాలు. పేరేమిటి, ఏ రకం కనెక్టర్, ఏ చిరునామా నుంచి తేవాలి, చిట్టాలోని ఏ విభాగంలో, అంటే ఏ టాపిక్‌లో వేయాలి, ఎన్ని టాస్కులుగా పని పంచుకోవచ్చు అని జేసన్‌లో రాసి, కనెక్టర్లను నడిపే వర్కర్ అనే ప్రోగ్రాం మామూలుగా వినే 8083 పోర్టుకు పంపుతారు. ఇందులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది, ఎక్కడిదాకా తెచ్చామన్న గుర్తును కూడా కాఫ్కాలోనే ఒక టాపిక్‌గా దాచడం. ఒక వర్కర్ కూలిపోతే దాని పని మరో వర్కర్ అందుకుని, ఆ టాపిక్‌లో గుర్తు చూసుకుని అక్కడి నుంచి సాగిస్తుంది. పనివాడు మారినా జ్ఞాపకం మారదు.

చిక్కంతా అవతలి వైపే. వెబ్‌కు స్వతహాగా జ్ఞాపకం లేదు. హెచ్‌టీటీపీలో ప్రతి అభ్యర్థనా కొత్తదే. ఇంతకుముందు ఏమిచ్చిందో సర్వర్ గుర్తుంచుకోవాలన్న నియమం లేదు. కాబట్టి కనెక్టర్ దేన్ని గుర్తుగా పెట్టుకోవాలో అమర్చేవారే తేల్చాలి. పేజీ సంఖ్యను గుర్తుగా పెట్టుకున్నారనుకుందాం. కొత్తవి పైన చేరే జాబితాలో కనెక్టర్ మొదటి పేజీ చదివి రెండోది అడిగేలోగా పైన మూడు కొత్తవి చేరితే, మొదటి పేజీ అడుగున ఉన్న మూడూ రెండో పేజీలోకి జారి మళ్ళీ వస్తాయి. ఆలోగా పైనుంచి మూడు తొలగిపోతే, రెండో పేజీలో ఉండాల్సిన మూడు మొదటి పేజీకి ఎగబాకి ఇక చేతికి రావు. మళ్ళీ వచ్చినవి కంటపడతాయి. రానివాటి జాడ ఎక్కడా ఉండదు. కాలాన్ని గుర్తుగా పెట్టుకున్నా ఇలాంటి ఇబ్బందే. ఒకే సెకనులో రెండు మార్పులు జరిగితే, 'ఆ సెకను తర్వాతవి' అని అడిగినప్పుడు ఒకటి జారిపోవచ్చు. 'ఆ సెకను నుంచి' అని అడిగితే ఒకటి రెండుసార్లు వస్తుంది. రెండోదే మేలు, ఎందుకంటే అదనంగా వచ్చినదాన్ని ఏరివేయగలం, పోయినదాన్ని పుట్టించలేం. వికీమీడియా ఈ బాధ చాలావరకు తప్పించింది. ఆ సేవ వెనకనున్నదీ కాఫ్కాయే కనుక, ప్రతి కబురుతోనూ చిట్టాలో దాని స్థానాన్ని తెలిపే గుర్తును కూడా పంపుతుంది.

పది వరుసల స్క్రిప్టు రాసి గంటకోసారి నడుపుకుంటే సరిపోదా అని అడిగేవారున్నారు. కొన్నిచోట్ల సరిపోతుంది. రోజుకోసారి మారే చిన్న పట్టికను మొత్తంగా తెచ్చుకునేవారికి ఏ గుర్తూ అక్కర్లేదు, కనెక్టర్ వారికి అనవసరపు బరువు. అయితే మారినవి మాత్రమే కావాలనుకున్న రోజున ఆ స్క్రిప్టు చివరి గుర్తును ఒక ఫైలులో రాసుకోవాలి. సర్వర్ 429 అంటే, అంటే అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయని చెబితే, ఆగి, తగిన విరామం తర్వాత మళ్ళీ అడగాలి. ఆ కంప్యూటర్ పోతే ఫైలు కూడా పోకుండా చూడాలి. అవన్నీ చేర్చేసరికి పది వరుసలు కొన్ని వందలవుతాయి, అప్పుడది సరిగా పరీక్షించని కనెక్టరే. వెబ్‌హుక్‌తో సమాచారం దానంతటదే వచ్చి పడుతుంటే ఇదంతా ఎందుకన్నది మరో ప్రశ్న. మన సర్వర్ పడిపోయిన గంటలో వచ్చిన కబుర్ల సంగతేమిటి? పంపినవారు కొన్నిసార్లు ప్రయత్నించి మానుకుంటే అవి పోయినట్టే. వెబ్‌హుక్ జ్ఞాపకం బాధ్యతను అవతలివారి మీద పెడుతుందే తప్ప దాని అవసరాన్ని తీసేయదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కనెక్టర్ జ్ఞాపకం మీదే ఉంది. సాధారణ అమరికలో అది గుర్తును ప్రతి పద్దుకూ రాయదు, 60 సెకన్లకోసారి రాస్తుంది. ఈలోగా కూలిపోతే, లేచాక పాత గుర్తు నుంచే మొదలుపెట్టి, తెచ్చినవే మళ్ళీ తెస్తుంది. ఈ లోపం నిజమే, కానీ ఎంపిక కావాలనే అలా జరిగింది: ముందు పద్దు రాయడం, తర్వాతే గుర్తు జరపడం. తలకిందులు చేస్తే గుర్తు ముందుకు పోయి పద్దు మిగలదు. 2022లో వచ్చిన 3.3 వెర్షన్ పద్దునూ గుర్తునూ ఒకే లావాదేవీలో రాసే వీలు కల్పించింది. రెండూ నిలుస్తాయి లేదా రెండూ రద్దవుతాయి. అయినా మూలం దగ్గర నమ్మదగిన గుర్తు లేకపోతే ఈ ఏర్పాటు కూడా పేజీ సంఖ్య తెచ్చిపెట్టే తప్పును సరిచేయలేదు.

అందుకే పత్రం నింపేటప్పుడు టాస్కుల సంఖ్య గురించి తర్జనభర్జన పడటంలో అర్థం తక్కువ. ఒకే ప్రవాహాన్ని ఒకే టాస్కు చదువుతున్నప్పుడు ఎనిమిది అని రాసినా మిగతా ఏడింటికీ పని ఉండదు. ఆ సమయాన్ని గుర్తును ఎంచుకోవడానికి, ప్రతి కబురుకూ ఉన్న ప్రత్యేక ఐడీని దాచి పునరావృతాలను తర్వాత ఏరివేసే ఏర్పాటు చూసుకోవడానికి వెచ్చించాలి. వికీమీడియా సర్వర్లు ఏ కనెక్షన్‌నైనా 15 నిమిషాలకు తెంచేస్తాయి. అంటే ఏ ప్రమాదమూ జరగని మామూలు రోజున కూడా కనెక్టర్ గంటకు నాలుగుసార్లు తెగిపోయి, తాను చివరగా అందుకున్న కబురు గుర్తును చూపించి తిరిగి అతుక్కోవాలి. తెగిన ఆ కాస్త వ్యవధిలో తెలుగు వికీలో దిద్దిన అక్షరం మన చిట్టాకెక్కిందా లేదా అన్నది, ఆ గుర్తును పంపే సెట్టింగు సరిగా ఉందా లేదా అన్న ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది.