సయాం రైలుదారిలో పేరులేని యాంధ్రులు

జనగామలోగాని, మహబూబాబాదులోగాని, భూపాలపల్లిలోగాని గుంటభూమి కొనగోరువాడు పాతపహాణీలు తిరుగవేయును. నేడైనచో భూభారతి పోర్టలునందు సర్వేనంబరు చూచును. భూమికి ఇంత జాగ్రత్త కలదు. యుద్ధకాలమున పరదేశమందు అదృశ్యులైన మనుష్యులకు ఇట్టి పట్టిక యేదైన నున్నదా యని విచారింపగా మాకు గోచరించిన సంగతులను పాఠకులయెదుట నుంచుచున్నాము.

ఐరోపాలో నాజీలు యూదులను రైళ్లలో నెక్కించి మరణశిబిరములకు తరలించిరి. హతులైన యూదులు సుమారు 60 లక్షలు. వారి బంధువులు నేటికిని వెదకులాట మానలేదు. జర్మనీలోని ఆరోల్సెన్ దస్తావేజుశాలలో నాజీపీడితుల పేర్లు 1 కోటి 75 లక్షలు కలవు. ఆ కాగితములలో అధికభాగము 2019 మొదలు ఇంటర్నెట్టున ఎల్లరకును లభ్యమగుచున్నది. జెరూసలేములోని యాద్ వషేమ్ సంస్థ సేకరించిన హతుల పేర్లు 50 లక్షలకు చేరువైనవి. వీనికి నాజీల జాబితాలే ఆధారములు కావు. బంధువులును, ఇరుగుపొరుగువారును తమకు తెలిసినంత వ్రాసి యిచ్చిన సాక్ష్యపత్రములు లక్షలకొలది కలవు.

మనవారి సంగతి వేరు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడినపిమ్మట జపానువారు సయాంనుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయ సంకల్పించి, మలయా రబ్బరుతోటలనుండి తమిళులను, తెలుగువారిని తరలించుకొని పోయిరి. తొలుత మంచికూలి యిత్తుమనిరి. పిమ్మట బలవంతమునకు దిగిరి. ఉచితముగా సినిమా చూపుదుమని పిలిచి, తలుపులు మూసి, లారీల కెక్కించిన ఉదంతములు సయితము కలవు. 1943 అక్టోబరు 17న దారి కలిసినది. ఆలోపల ఆకలి, కలరా, మలేరియాలచే యుద్ధఖైదీలు 12 వేలకు పైగా మడిసిరి. ఆసియాకూలీల మృతులకు సరియైన లెక్కయే లేదు. 90 వేలని యొక అంచనా.

ఆంగ్లేయులు, ఆస్ట్రేలియనులు, డచ్చివారు మున్నగు ఖైదీలకు కాంచనబురిలో వరుసలుగా సమాధులున్నవి. కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి జాబితాను ఇంట గూర్చుండియే చూడవచ్చును. 1941 డిసెంబరులో కోటబారు విమానాశ్రయమును కాపాడనిలిచిన నిజాముప్రభువుయొక్క మొదటి హైదరాబాదు పటాలపు మృతులకును ఆ సంఘమే లెక్క యుంచినది. సిపాయికి పటాలమున్నది, కూలీ యెవరివాడు?

దీనికి యుద్ధమొక్కటియే కారణము కాదు. 1860 మొదలు 1911 వరకు నేటాలుకు ఒప్పందముపై ఓడలెక్కిన 1,52,184 మందికి జాబితాలున్నవి. వానిలో తండ్రిపేరు, జిల్లా, ఊరు దొరకును. వారి మునిమనుమలు నేడు ఆ జాబితాలు పట్టుకొని మన పల్లెలను వెదకుచున్నారు. మలయాలోనో, ఒప్పందపద్ధతి 1910లో పోయి, కంగాణీలు కూలీలను తోడుకొనిపోసాగిరి. వారికి ఒప్పందపత్రము లేదు. 1938లో భారతప్రభుత్వము మలయాకు కూలీల వలసను నిలిపెను గనుక, రైలుదారికి బలియైన తెలుగువారు అంతకుముందే ఊరు విడిచినవారో, అచటనే పుట్టినవారో యయి యుందురు.

ఈ పని విశాఖతీరమువారిది, మనకేల యని తెలంగాణమువా రనవచ్చును. 1948లో రజాకార్లచే బైరాన్‌పల్లిలో మడిసినవారిని జనగామసీమ మరువలేదు, తనవారి కన్నులయెదుటనే మడిసిరి గనుక. సయాం అడవిలో చచ్చినవానికి అట్టి సాక్షి ఊరిలో లేడు. తమ్ముడు మలయా పోయెనని చెప్పిన అన్నలును గతించిరి. ఆ మాట విన్న పిల్లలు నేడు వృద్ధులైనారు.

1955లో మలయా ఆంధ్రసంఘముగా నెలకొనిన మలేషియాలోని తెలుగుసంఘమును, ఇచటి విశ్వవిద్యాలయములును కలిసి యొక సాక్ష్యపత్రమును సిద్ధపరుపవలెనని మా కోరిక. పోయినవాని పేరు, ఇంటిపేరు, తండ్రి, ఊరు, ఓడ యెక్కిన యేడు, కడపటి యుత్తరము వచ్చిన తోట: ఇంతమాత్రము చాలును. ఇంగ్లీషు కాగితములలో మన పేర్లు తలకొక తీరుగ నుండును గనుక, ప్రతిపేరును ముందు తెలుగున వ్రాయుట మేలు.