కేసరిపప్పు విషము: ఎస్. ఎల్. ఎన్. రావు పరిశోధనలు

కోయంబత్తూరు, మధుర మండలముల నల్లరేగడి నేలలయందు నాయకరాజుల కాలము నుండియు సేద్యము సాగించుచున్న తెలుగు కుటుంబములకు అనావృష్టి యనిన నేమో వేరుగ జెప్పనక్కరలేదు. వాన చాలని యేట వారిని జొన్న, సజ్జ, రాగి వంటి మెట్టపైరులే కాపాడినవి. ఉత్తర, మధ్య భారతములందు అట్టి యాపద్ధర్మపు పంట కేసరిపప్పు. నేల యెండినను, నీరు నిలిచినను ఈ మొక్క చావదు. గింజలో నూటికి ఇంచుమించు 25 వంతులు మాంసకృత్తులు గలవు. అయినను దీనినే ప్రధానాహారముగా కొన్ని మాసములు భుజించిన వారికి కాళ్లు చచ్చుపడును. ఇందులకు గల కారణమును కనుగొనుటయందును, పిదప ఆ గింజయందలి గుణదోషములను న్యాయముగా నిర్ణయించుటయందును ఆచార్య ఎస్. ఎల్. ఎన్. రావు పెక్కేండ్లు కృషి చేసిరి.

ఈ వ్యాధిని లాథిరిజము అందురు. 1829 మొదలుకొని సాగరు ప్రాంతమున వడగండ్లచే ఒక యేడు, వానలేమిచే మరియొక యేడు, తెగులుచే మూడవ యేడు గోధుమ నశించెననియు, మిగిలిన కేసరిపప్పును తిన్న జనులలో పలువురు, ముఖ్యముగా యువకులు, నడువలేని వారైరనియు స్లీమన్ 1844లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఒకసారి పట్టుకొన్న పిమ్మట ఈ పక్షవాతమునకు నివారణ లేదు. రోగి ప్రాణముతోనే యుండును గాని కర్రల యూతతో బ్రదుకవలసివచ్చును.

బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థలో జీవరసాయన విభాగమున రావు ఈ సమస్యను చేపట్టిరి. 1963లో రామచంద్రన్, అడిగలతో గూడి ఆ గింజలనుండి హోమోఆర్జినీన్ అను అమైనో ఆమ్లమును వేరుచేసిరి. మరుసటి యేడు అడిగ, శర్మలతో గూడి అసలు విషమును శుద్ధరూపమున వేరుపరచి, దాని నిర్మాణమును నిర్ధారించిరి. బీటా–ఎన్–ఆక్సలైల్–ఆల్ఫా, బీటా–డయామినో ప్రొపియానిక ఆమ్లమని దాని పూర్తి పేరు. సంగ్రహముగా ఓడాప్ అందురు. అదే 1964లో ఢిల్లీయందు మూర్తి, శేషాద్రి, వెంకటసుబ్రహ్మణ్యన్‌లును స్వతంత్రముగా దీనిని కనుగొనిరి.

విషము చేజిక్కినంతనే పని ముగియలేదు. కోడిపిల్లలకు దీనిని సూదిద్వారా ఎక్కించినపుడు మెడ వంకరపోయి మూర్ఛలు వచ్చెను. ఎదిగిన జంతువులు మాత్రము సులభముగా లొంగలేదు. 1967లో రావు, సహచరులు కోతుల వెన్నుపాము చుట్టునుగల ద్రవములోనికి నేరుగా ఎక్కించి పక్షవాతమును గలిగించి, ఓడాప్‌నకు నాడీమండలముపై గల శక్తిని చూపిరి. నాడీకణముల నుత్తేజపరచు గ్లూటమేట్‌ను ఈ పదార్థము పోలియుండును. గ్లూటమేట్‌ను గ్రహించు స్థానములపై నిలిచి, కణములను మితిమీరి ఉద్రేకింపజేసి చంపునని తరువాతి పరిశోధనలు తెల్పినవి.

నివారణోపాయమును గూర్చిన పరిశోధన హైదరాబాదున జరిగెను. కోయంబత్తూరునకు ఎగువనున్న నీలగిరులలోని కూనూరునందు 1918లో మెకారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధన కేంద్రము 1958లో అచటికి తరలినది. ఆ సంస్థకు చెందిన మోహన్, నాగరాజన్, గోపాలన్‌లు, పప్పును వేడినీట నానబెట్టి ఆ నీటిని పారబోసినచో విషములో అధికభాగము తొలగునని 1966లో తెలిపిరి. నీటితోపాటు కొన్ని విటమినులును పోవుట ఇందలి లోపము.

1961లో భారత ప్రభుత్వము కేసరిపప్పు విక్రయమును నిషేధించెను. అయినను కొన్ని రాష్ట్రములు దానిని అమలుపరచలేదు. బీద రైతులు సాగు మానలేదు. రావు పిమ్మట హైదరాబాదునందు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేయుచు పరిశోధన కొనసాగించిరి. విషమును కనుగొన్న వారే 2011లో ఆ గింజయందలి మేలును గూర్చి వ్యాసము వ్రాసిరి. కరవులేని కాలమున ఇతర ధాన్యములతో మితముగా తినువారికి ఈ వ్యాధి అరుదు. హోమోఆర్జినీన్ రక్తనాళములకు మేలు చేయవచ్చును. ఓడాప్ సయితము చైనా వైద్యమున నెత్తురు కట్టుటకు వాడు ఒక మూలికలో గలదు. ఓడాప్ నూటికి 0.1 వంతునకు లోపుగానున్న రతన్, ప్రతీక్ వంటి రకములు కూడ వెలువడినవి.

కోయంబత్తూరు, మధుర రైతులు కేసరిని పండింపరు గాని, అంగడిలో కందిపప్పునందును, సెనగపిండియందును దానిని కల్తీచేయుట దేశమున తెలిసిన విషయమే. కేసరిగింజ గొడ్డలివలె కోణములు గలిగియుండును. పప్పు చెరుగునపుడు అట్టి గింజలు కనబడినచో ఏరివేయుట మేలు. కాని వ్యాధిని తుదముట్టించుటకు నిషేధ మొక్కటియే చాలదు. వేరు తిండి దొరకనపుడే జనులు ఈ పప్పుతో కడుపు నింపుకొనిరి. కరవునాట వారికి మరియొక ధాన్యము చేరునట్లు చూచుట ప్రభుత్వముల విధి.