ఆకుల వాకిళ్లు

మన శింగనమల మెట్టచేలలో, వానలు వెనుదీసిన దినములయందు, వేరుసెనగ యాకులు మధ్యాహ్నమున ముడుచుకొనుట చూచుచున్నాము. ఆ వేళ ఆకులందలి సూక్ష్మరంధ్రములును మూసికొనును. వీనిని పత్రరంధ్రములందురు.

45 కోట్ల యేండ్లకు పూర్వమే నీటినుండి నేలకెక్కిన మొక్కలు క్రమముగా మైనపు పొరను దాల్చెను. అది లోని నీటిని నిలిపెను గాని గాలి నడ్డగించెను. అందుచే వాకిళ్లవంటి యీ రంధ్రము లేర్పడెను. ప్రతి వాకిటికి రెండు కణములు తలుపులు: అవి నీటితో నుబ్బిన తెఱచుకొనును, నీరు తగ్గిన మూసికొనును. స్కాట్లండునందలి రైనీ గ్రామమున సుమారు 40 కోట్ల యేండ్లనాటి రాతిలో నిట్టి రంధ్రములు నేటికిని గానవచ్చును.

మూసిన నీరు మిగులును గాని, బొగ్గుపులుసుగాలి యందక గింజ తగ్గును. గట్టుమీది నాగజెముడు మాత్రము పగలు మూసి, రాత్రి చల్లదనమున తెఱచి, ఆ గాలిని నిలువచేసికొనును. ఎండసీమలో నదియే బ్రతుకు నేర్పు.