అడ్డకొసకు ఏ తోపడ?

అనంతపురం పీఠభూమిలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఉరవకొండ ఎండలో దుంగను పడేస్తే ముందుగా నెర్రెలిచ్చేది కొసలే. కారణం చెట్టు కట్టుబడిలోనే ఉంది. కొయ్యలోని కణాల్లో చాలా భాగం నిలువునా సాగిన సన్నని గొట్టాలు. అడ్డంగా కోస్తే వాటి నోళ్లు తెరుచుకుంటాయి. తడి పక్కల నుంచి కంటే ఎన్నో రెట్లు వేగంగా ఆ దారిన పోతుంది. వడ్రంగిని సతాయించేవీ ఆ నోళ్లే.

సొప్పకట్టను నిలువునా విడదీయడానికి చేతులు చాలు, అడ్డంగా తెగాలంటే కొడవలికి పదునుండాలి. కొయ్యా అంతే. పలక పొడుగునా చిత్రిక పడితే పొట్టు చుట్టలుగా లేస్తుంది. అడ్డకొస మీద మాత్రం ప్రతి గొట్టాన్నీ నరకాలి. మొద్దు బ్లేడు నరకదు, వంచి పెరుకుతుంది. అవతలి అంచుకు వెనక ఆనిక లేక పేళ్లు లేస్తాయి. పెట్టె పక్కపలకకో, పటం చట్రానికో, చేనేత మగ్గం అడ్డకర్రకో కొస మట్టంగా రాకపోతే అతుకు వదులే.

తోపడ వయసు దాదాపు రెండువేల ఏళ్లు. క్రీ.శ. 79లో బూడిదలో పూడిపోయిన పాంపేయీ నగరంలో రోమన్ తోపడ దొరికింది. అప్పట్లో బ్లేడును చీలతో బిగించేవారు. లోతు మార్చాలంటే సుత్తితో తట్టాల్సిందే. మన కర్ర తోపడలదీ ఇదే పద్ధతి. ఆ తట్టుడుకు బదులు మరచక్రం తిప్పే ఏర్పాటును అమెరికాలో లెనర్డ్ బెయిలీ చేశాడు. 1869లో ఆయన పేటెంట్లను స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. 45 డిగ్రీల వాలులో బ్లేడు ఉండే ఇనుప తోపడ ప్రపంచమంతా పాకింది ఆ తర్వాతే.

20వ శతాబ్దం తొలి ఏళ్లలో స్టాన్లీ రెండు ప్రత్యేక తోపడలు తెచ్చింది. 51 నంబరుది కొసల కోసమే పుట్టింది; దాని బ్లేడు ఏటవాలుగా ఉంటుంది. 62 నంబరులో బ్లేడు 12 డిగ్రీల మీదే పడుకుని ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలానికి రెండూ తయారీ నుంచి తప్పుకున్నాయి. తర్వాత అమెరికాలో లీ-నీల్సన్, కెనడాలో వెరిటాస్ కంపెనీలు ఆ కోవ తోపడలకు మళ్లీ ప్రాణం పోశాయి.

తేడా ఎక్కడుంది? మామూలు తోపడలో సాన పట్టిన వాలు కిందికి ఉంటుంది. ఎలా సాన పట్టినా కొయ్యను తాకే కోణం 45 డిగ్రీలే. 62 లాంటిదానిలో వాలు పైకి ఉంటుంది: 12కి సాన వాలు 25 కలిపితే 37. కోణం తగ్గితే గొట్టం తేలిగ్గా తెగుతుంది. బ్లేడును 20 డిగ్రీలు ఏటవాలు చేస్తే కోణంలో తగ్గేది రెండు డిగ్రీల లోపే. దాని అసలు లాభం వేరు: అంచు మొత్తం ఒక్కసారిగా ఢీకొనకుండా కొంచెం కొంచెంగా దిగుతుంది, చేతికి కుదుపు తగలదు.

ఇక్కడే మన కొయ్య లెక్క మారుస్తుంది. నల్లతుమ్మ లాంటి ఎండిన గట్టి కొయ్యలో 25 డిగ్రీల సన్నని అంచు త్వరగా చిట్లుతుంది. 30కి సాన పడితే కోణం 42కి చేరుతుంది. 45తో తేడా ఇక మూడే డిగ్రీలు. అంతమాత్రానికి ఖరీదైన ప్రత్యేక తోపడ అక్కర్లేదు.

కావలసింది బరువు. పొట్టి తోపడ తేలిక, గట్టి కొస తగలగానే సగంలో ఆగిపోతుంది. రెండు కిలోలు దాటే 14 అంగుళాల ఐదో నంబరు మామూలు తోపడ ఊపుతో దూసుకుపోతుంది. కొనేముందు మూలమట్టం పెట్టి చూడాలి, అడుగుకీ పక్కకీ 90 డిగ్రీలు ఉందా అని. ఎందుకంటే ఈ పనిలో తోపడ పక్కకు పడుకుని నడుస్తుంది. దాని కింద మెట్టున్న పలక, పలక మీద అడ్డపట్టీ ఉండాలి. కొయ్యను పట్టీకి ఆనిస్తే అవతలి అంచుకు దన్ను దొరికి పేళ్లు లేవవు. మరీ మొండికేసే కొసకు కాస్త స్పిరిట్ అద్దితే మెత్తబడుతుంది.

కాబట్టి డబ్బు ముందు మంచి సానరాయికి, తర్వాత బరువైన మామూలు తోపడకు. మెట్టుపలకను వడ్రంగి తనే చేసుకోగలడు. మెత్తటి కొయ్యతో రోజూ పనిచేసేవారికే పడుకున్న బ్లేడు తోపడ తన ఖరీదును తిరిగి ఇస్తుంది.