పండ్రెండు వోల్టుల దారిద్ర్యము

మంద్రస్వరములను పలికించుకొను కోరికతో కారు డిక్కీలో రెండు సబ్ వూఫర్లను బిగించుకొనిన వానికి, ఒక్కొక్క స్పీకరులో రెండేసి తీగచుట్టలుండుటచే, మొత్తము ఎనిమిది తీగకొసలు చేతికి వచ్చును. ఆంప్లిఫయరునకు చేరవలసినవి మాత్రము రెండే. ఎనిమిదింటిని ఏ క్రమమున ముడివేసి రెండుగా తేల్చవలెనను ప్రశ్న పైకి మెకానిక్కు షెడ్డులోని చిల్లరపనివలె తోచునుగాని, దాని వేళ్లు కారు బ్యాటరీ యొక్క పుట్టుకలోనే యున్నవి.

నేటి స్పీకరునకు రూపకల్పన చేసినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇంజనీర్లు. 1925 లో వారు ప్రకటించిన పద్ధతిలో, అయస్కాంతపు ఇరుకు సందున వ్రేలాడు తీగచుట్ట విద్యుత్తు దిశ మారినకొలది ముందునకును వెనుకకును చలించి, తనకు అతికియున్న కాగితపు శంకువును, దానిద్వారా గాలిని చలింపజేయును. శంకువు పరిమాణము పెరిగినది, కాగితమునకు మారుగా ఇతర పదార్థములు వచ్చినవి. సూత్రము మాత్రము నాటిదే.

ఈ యంత్రమును కారులోనికి తెచ్చుటయే కష్టమైనది. 1930 లో చికాగో నగరమున పాల్ గాల్విన్ సంస్థ, మోటారు అను మాటకు ఆనాటి పాటపెట్టెల పేళ్ల చివర వినవచ్చు ‘ఓలా’ ను జోడించి, ‘మోటరోలా’ అను కారు రేడియోను విపణికి తెచ్చెను. ఆ కాలపు కారు బ్యాటరీ ఇచ్చునది ఆరు వోల్టులు. రేడియోలోని వాల్వులు కోరునది నూరు వోల్టులకు పైమాట. తొలిరోజులలో ఇందుకై వేరే డ్రై బ్యాటరీలను బండి అడుగున దాచవలసివచ్చెను. పిమ్మట వైబ్రేటరు వచ్చినది. సెకనుకు నూరుసార్లకు పైగా వణకు ఒక పలుచని లోహపు రేకు, బ్యాటరీ నుండి వచ్చు ఏకముఖ ప్రవాహమును తునకలుగా తెంచుచుండగా, ట్రాన్స్‌ఫార్మరు దానిని కావలసిన వోల్టులకు పెంచును. పేదవాడు తన స్వల్పధనమును త్రిప్పి త్రిప్పి వ్యాపారము చేసినట్టి ఈ ఉపాయము నాకు ఎన్నటికిని ఆశ్చర్యకరమే. 1950 ల నడుమ అమెరికా కార్లు పండ్రెండు వోల్టులకు మారినవి. ట్రాన్సిస్టర్లు రాగా వైబ్రేటరు అవసరము తీరిపోయినది. దారిద్ర్యము మాత్రము తీరలేదు.

ఏలయన, స్పీకరునకు అందు శక్తి వోల్టుల వర్గమును ఓములచే భాగించిన ఫలము. సామాన్యమైన ఆంప్లిఫయరు పండ్రెండు వోల్టులను నడుమకు చీల్చుకొని, ఇటు ఆరు అటు ఆరు మాత్రమే ఊగగలదు. అట్టిదానికి నాలుగు ఓముల స్పీకరును తగిలించినచో ఊగు తరంగపు సగటు శక్తి దాని శిఖరశక్తిలో సగమే గనుక, లభించునది హెచ్చుపక్షము నాలుగున్నర వాట్లు. ఈ లేమిని జయించుటకు ఇంజనీర్లు మూడు మార్గములను కనుగొనిరి. చుట్ట యొక్క రెండు కొసలకు రెండు ఆంప్లిఫయర్లను తగిలించి, ఒకటి నెట్టుచుండగా రెండవది లాగునట్లు చేసినచో ఊపు రెట్టింపై, శక్తి నాలుగింతలై, పదునెనిమిది వాట్లగును. పనివారు బ్రిడ్జి చేయుట యనునది ఇదియే. రెండవది, వైబ్రేటరు చేసిన పనినే ట్రాన్సిస్టర్లచే సెకనుకు వేలసార్లు చేయించి, ఆంప్లిఫయరు లోపలనే వోల్టులను పెంచుకొనుట. మూడవది ఓములను తగ్గించుట, అనగా మన ఎనిమిది కొసల ముడి.

ఒక్కొక్క చుట్ట నాలుగు ఓములనుకొందము. ఒక స్పీకరులోని రెండింటిని వరుసగా కలిపినచో ఎనిమిది, సమాంతరముగా కలిపినచో రెండు. రెండు స్పీకర్లలోను చుట్టలను వరుసగా కలిపి, ఆ స్పీకర్లను పరస్పరము సమాంతరముగా చేర్చినచో నాలుగు ఓములు తేలును. అన్నిటిని సమాంతరము చేసినచో ఒకటే ఓము. ఓములు తగ్గినకొలది వాట్లు పెరుగునని విన్న యువకుడు ఒక ఓము వద్దకే పరుగెత్తును. కాని బ్రిడ్జి చేసిన ఆంప్లిఫయరులో ప్రతి సగమునకును కనబడునది మొత్తము ఓములలో సగమే; నాలుగు ఓములను తగిలించినను అది రెండింటిని మోయుచున్నట్లు లెక్క. తయారుచేసినవారు పుస్తకములో వ్రాసిన కనిష్ఠపు హద్దును దాటినచో వేడి పెరిగి, ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చును. ఇంతకును లభించు లాభమెంత? వాట్లు రెట్టింపైనచో చెవికి చేరు పెంపు మూడు డెసిబెల్లులు మాత్రమే. బ్యాటరీ మీది భారమో? నూటికి ఎనుబది పాళ్ల సామర్థ్యముగల ఆంప్లిఫయరు వేయి వాట్లను ఈయవలెనన్నచో, ఇంజను నడుచుచుండగా సైతము సుమారు తొంబది ఆంపియర్లను పీల్చును. అట్టి ప్రవాహమునకు తగిన లావుగల రాగితీగను వేసి, బ్యాటరీకి మూరెడు దూరములోపలనే ఫ్యూజు పెట్టనివాడు అగ్నిని తన బండిలో కూర్చుండబెట్టుకొనినవాడే. అందుచే ఇంటిల్లిపాది ప్రయాణించు కారునకు ఒక ఓము ముడి తగదనియు, ఆంప్లిఫయరు సుఖముగా మోయు రెండో నాలుగో ఓములే శ్రేయస్కరమనియు నా దృఢాభిప్రాయము.

ఓముల లెక్క కుదిరినను ధ్రువముల ముడి తప్పవచ్చును. ఒక మిత్రుని బండిలో రెండు క్రొత్త స్పీకర్లు అమర్చిన పిదప మద్దెలనాదము పూర్వముకంటె పలుచనైనది. పరీక్షింపగా, ఒక స్పీకరు ధనధ్రువము ఋణమునకు మారిపోయినదని తేలెను. నలువది హెర్ట్జుల నాదతరంగము ఎనిమిదిన్నర మీటర్ల పొడవుండును. కారు లోపలి చోటు అందులో సగమైనను లేదు. అంత ఇరుకైన గాలిని ఒక శంకువు నెట్టుచుండగా వేరొకటి లాగినచో మిగులునది అత్యల్పము. రెండు కొసలను తారుమారు చేయగానే నాదము గుండెకు తాకినది.

కావున పాఠకులారా, మూత బిగించుటకు ముందు, ఆంప్లిఫయరునుండి తీగలను విడదీసి, ఆ రెండు కొసలకు మల్టీమీటరు పట్టి చూడుడు. నాలుగు ఓముల ముడి మీటరులో మూడు, మూడున్నర చూపుట సహజము. ఒకటికి దిగువ చూపినచో, ఎవరు తొందరపెట్టినను, స్విచ్చి వేయకుడు.