ఏసీసీ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులుగా జట్టుకట్టి తమలో తాము పోటీపడతాయి. వాటిలో పేరున్నది 1953లో ఏర్పడిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ). పురుషుల విభాగంలో ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇది ఇచ్చే పురస్కారమే ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. సీజన్‌లో చూపిన ప్రతిభను బట్టి విజేతను ఓటింగ్‌తో ఎన్నుకుంటారు.

1954లో తొలి పురస్కారం వేక్ ఫారెస్ట్ ఆటగాడు డికీ హెమ్రిక్‌కు దక్కింది. మైకేల్ జోర్డాన్ 1984లో నార్త్ కరోలినా తరఫున గెలిచి, అదే ఏడాది వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో చేరాడు. మూడేసిసార్లు గెలిచినవారు ఇద్దరే: డేవిడ్ థాంప్సన్ (1973-75), ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్ (1981-83). థాంప్సన్ కాలంలో కాలేజీ ఆటలో డంక్‌పై నిషేధం ఉండేది. ఎంతో ఎత్తుకు ఎగరగలిగీ బంతిని రింగులోకి బలంగా దించే వీల్లేకుండానే అతడు మూడేళ్లూ అగ్రస్థానంలో నిలిచాడు. అందుకే అతడి ఘనత మరింత గొప్పది.

2019లో జియాన్ విలియమ్సన్, 2025లో కూపర్ ఫ్లాగ్ డ్యూక్ విశ్వవిద్యాలయం తరఫున మొదటి ఏడాదిలోనే ఈ పురస్కారాన్ని సాధించారు. తాము గెలిచిన ఏడాదే ఇద్దరూ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికగా నిలిచారు.